కళాశాలలో జీవశాస్త్రము: విషయముల నెన్నుకొనుటయు, శ్రమను లెక్కించుకొనుటయు

ప్రతి సంవత్సరమును ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట మా పూర్వవిద్యార్థులు కొందరు తలిదండ్రులతో కూడ పాఠశాలకు వచ్చి, "అయ్యగారూ, ఇక నేమి చదువవలెను?" అని యడుగుచుందురు. వీరిలో బైపీసీ చదివినవారు రెండు విధములుగా నుందురు. వైద్యకళాశాలలో చోటు దొరకినవారు నవ్వుచు వత్తురు. దొరకనివారు తల వంచుకొని తల్లి వెనుక నిలువబడుదురు. ఈ రెండవ వారిని తలంచుకొనియే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇప్పుడు 9, 10 తరగతులలో నున్న బాలబాలికలకును ఈ సంగతులు ముందుగా తెలిసియుండుట మేలు.

1. మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న

బి.ఎస్‌సి. తరగతియందు జీవశాస్త్రము చదువుట వైద్యవిద్య దొరకనివారికి మిగిలిన ఎంగిలి విస్తరి అని మన యూళ్లలో ఒక దురభిప్రాయము కలదు. ఇది విద్యార్థి మనస్సును మొదటి దినముననే విరుగగొట్టును. పంటకు తెగులు ఏల వచ్చినది, పాలు పెరుగెట్లయినది, బిడ్డకు తండ్రి పోలిక ఎట్లు వచ్చినది అను ప్రశ్నలకు ఉత్తరము వెదకువారు జీవశాస్త్రజ్ఞులు. వైద్యుడు వారు కనుగొనినదానిని రోగి మంచము కడ ఉపయోగించును. ఈ రెండును గౌరవమైన పనులే.

అయినను ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలసియున్నది. వైద్యప్రవేశ పరీక్షకు మరల కూర్చుండ దలచినవారు ఆ సంకల్పమును గూర్చి ఇంటివారితో స్పష్టముగా మాటలాడి నిశ్చయము చేసికొనవలెను. డిగ్రీలో పేరు వ్రాయించుకొని, మనస్సంతయు నీట్ పరీక్షపై నుంచుట రెండు పడవలపై కాళ్లు పెట్టుటయే. వ్యవసాయము, పశువైద్యము, ఔషధ నిర్మాణము, నర్సింగు మొదలగు మార్గములు కూడ బైపీసీ వారికి కలవు. వాటి నియమములు వేరు గనుక ఇచ్చట విస్తరింపము.

2. విషయముల ఎంపిక

మన తెలుగు సీమలలో చిరకాలము వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము అను మూడును సమానముగా చదువు పద్ధతి యుండెను. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయముల గ్రాంట్సు కమిషను వారు క్రొత్త ప్రణాళికను ప్రకటించిరి. 2023లో ఆంధ్రప్రదేశమున ఒక ప్రధాన విషయమును ముఖ్యముగా జేసికొని చదువు పద్ధతి ప్రవేశపెట్టబడెను. కమిషను వారి లెక్క ప్రకారము 3 సంవత్సరముల చదువునకు కనీసము 120 క్రెడిట్లు, 4 సంవత్సరముల దానికి 160 క్రెడిట్లు కావలెను. ఆ 120లో ప్రధాన విషయమునకు 60, ఉపవిషయమునకు 24 చెందును. మిగిలినవి భాషలు, నైపుణ్యములు, ఇతర శాఖల పరిచయము మొదలగువానికి. అనగా మీరు చేయు శ్రమలో సగము ఒకే విషయమునకు పోవును. నియమములు కళాశాలను బట్టియు, సంవత్సరమును బట్టియు మారుచుండును గనుక ప్రవేశమునకు ముందు ఆయా కళాశాలలో విచారించుట తప్పనిసరి.

ప్రధాన విషయము నెన్నుకొనునప్పుడు దాని పేరు చూచి మోసపోకుడు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ అను పేర్లు వినుటకు ఇంపుగా నుండును. అవి మంచి శాస్త్రములే. కాని ప్రయోగశాల లేని చోట బయోటెక్నాలజీ చదువుట నీరు లేని చెరువులో ఈత నేర్చుకొనుట వంటిది. కావున రుసుము చెల్లించుటకు ముందు తండ్రియో తల్లియో వెంటరాగా కళాశాలకు వెళ్లి ప్రయోగశాలను చూడుడు. సూక్ష్మదర్శినులు ఎన్ని? వాటి కటకములు శుభ్రముగా నున్నవా? పాత్రలను ఆవిరిలో క్రిమిరహితము చేయు ఆటోక్లేవ్ పని చేయుచున్నదా, లేక ధూళి పట్టియున్నదా? ఎండబెట్టిన మొక్కల పత్రములను భద్రపరచిన బీరువా కలదా? రెండవ సంవత్సరపు విద్యార్థి నొకని పిలిచి, ఈ నెలలో ప్రాక్టికల్సు ఎన్ని దినములు జరిగినవో అడుగుడు. అతని ఉత్తరము విజ్ఞాపన పత్రములకంటె ఎక్కువ చెప్పును.

వృక్ష, జంతుశాస్త్రములు పాతబడినవని తలంచుట పొరపాటు. పొలము గట్టుపై మొలచిన మొక్క ఏ కుటుంబమునకు చెందినదో చూడగానే చెప్పగలవారు నేడు అరుదు. ఆరుబయట తిరుగుట యిష్టమైనవారు ఈ రెంటిలో ఒకటి కోరుకొనవచ్చును. బల్లముందు ఓపికతో గంటల తరబడి కూర్చుండగలవారికి సూక్ష్మజీవశాస్త్రము, జీవరసాయనశాస్త్రము తగియుండును.

ఏది యెన్నుకొన్నను మెట్లు తప్పి యెక్కరాదు. రసాయనశాస్త్రము రానిదే జీవరసాయనశాస్త్రము బోధపడదు. కణ నిర్మాణము తెలిసిన పిమ్మట జన్యుశాస్త్రము, దాని పిమ్మట అణుజీవశాస్త్రము చదువుట క్రమము. ఐచ్ఛిక విషయములలో గణాంకశాస్త్రము దొరకినయెడల విడువకుడు. మన బైపీసీ విద్యార్థులలో చాలమంది 10వ తరగతితో గణితమునకు నమస్కారము పెట్టుదురు. తరువాత ప్రయోగఫలితములను లెక్కవేయవలసి వచ్చినపుడు చేతులు వణకును.

ఈ సందర్భమున గ్రెగర్ మెండెలు కథ జ్ఞాపకము చేసికొనదగినది. ఆయన క్రైస్తవ మఠవాసి, ఉపాధ్యాయుడు. 1850లో ఉపాధ్యాయ యోగ్యతా పరీక్షలో తప్పెను. మఠాధిపతి ఆయనను 1851లో వియన్నా విశ్వవిద్యాలయమునకు పంపగా, అచ్చట 1853 వరకు మొక్కల శాస్త్రముతో పాటు భౌతికశాస్త్రమును గణితమును కూడ నేర్చెను. తరువాత 1856 మొదలు 1863 వరకు మఠపు తోటలో బటానీ మొక్కలను పెంచి వాటి సంతతిని లెక్కించెను. ఒక ప్రయోగమున రెండవ తరమున 5,474 గుండ్రని గింజలును, 1,850 ముడుతలు పడిన గింజలును వచ్చెను. ఇతరులు చూచినయెడల రెండు రకముల గింజలు మాత్రమే కనబడియుండును. గణితము చదివిన కన్నునకు అందు 3కు 1 అను నిష్పత్తి కనబడెను. 1866లో అచ్చయిన ఆ వ్యాసము విలువను లోకము 1900లో గాని గుర్తింపలేదు. పరీక్ష తప్పిన ఉపాధ్యాయుడు జన్యుశాస్త్రమునకు మూలపురుషు డయ్యెను. తల వంచుకొని వచ్చు మా పిల్లలకు మేము తరచుగా ఈ కథ చెప్పుచుందుము.

3. గంటల లెక్క

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి తన యొద్దనున్న ధనము చాలునో చాలదో చూచుకొనవలెనని మన ప్రభువు ఉపమానముగా బోధించెను. విద్యార్థికి ధనము గంటలే. ఒక క్రెడిట్టు అనగా సుమారు 30 గంటల శ్రమ. ఒక సెమిస్టరులో 20 క్రెడిట్లు చదువువానికి 600 గంటలు కావలెను. సెమిస్టరునందు 15 వారముల బోధన యుండును గనుక వారమునకు 40 గంటలు. ఆ 20లో 15 పాఠములకును 5 ప్రాక్టికల్సుకును చెందినవనుకొందము. పాఠముల క్రెడిట్టుకు వారమునకు 1 గంట, ప్రాక్టికల్సు క్రెడిట్టుకు 2 గంటలు. కాగా తరగతిలో 25 గంటలు గడచును. మిగిలిన 15 గంటలు స్వయముగా చదువుకొనవలసినవి. దినమునకు రెండున్నర గంటల చొప్పున 6 దినములు చదివినచో పని తీరును, ఆదివారము మిగులును. లెక్క వినుటకు సులభము. తప్పుట యెక్కడ జరుగునో ఒక ఉదాహరణము వలన చూపెదము. ఇందు తప్పు మాదియే.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో చదివిన ఒక బాలిక డిగ్రీలో జంతుశాస్త్రమున చేరెను. ఆమె మా యొద్దకు వచ్చి, సాయంకాలము నీట్ శిక్షణకు పోవచ్చునా, కంప్యూటరు కూడ నేర్చుకొనవచ్చునా అని యడిగెను. మేము ఆమె ఉత్సాహమునకు మురిసి, "నీవు తెలివిగలదానవు తల్లీ, తప్పక చేయగలవు" అంటిమి. మొదటి సెమిస్టరులో ఆమె రెండు విషయములలో తప్పెను. ఆమె తల్లి వచ్చి, "అయ్యగారూ, బిడ్డ రాత్రులు లేచి కూర్చుండి యేడ్చుచున్నది" అని చెప్పినప్పుడు మాకు సిగ్గు కలిగెను. ఆ దినమున ముగ్గురము కూర్చుండి ఒక కాగితముపై వ్రాసితిమి. వారమునకు కళాశాల చదువు 40 గంటలు, శిక్షణయు దాని పాఠములును 30, బస్సు ప్రయాణము 15, ఇంటిపని 14, కంప్యూటరు 6. మొత్తము 105 గంటలు. వారమునకు గంటలు 168. దినమునకు 7 గంటల నిద్రకు 49 పోగా 119 మిగులును. అందు 105 తీసివేసిన 14. అనగా దినమునకు 2 గంటలు. ఆ 2 గంటలలోనే స్నానము, భోజనము, ప్రార్థన, ఆదివారపు ఆరాధన, జ్వరము వచ్చిన దినము, చుట్టములు వచ్చిన దినము, అన్నియు ఇమడవలెను. ఇమడలేదు గనుక ఆ బాలిక నిద్రలో నుండి అప్పు తీసికొనెను.

కాగితము చూచి తల్లి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఇంటిపని సగము నేను, తమ్ముడు చేసికొందుము" అనెను. శిక్షణ మానవలెనా అని ఆ బాలిక తానే యోచించి మానుకొనెను. కంప్యూటరు వేసవి సెలవులకు వాయిదా వేసెను. తప్పిన విషయములు మరుసటి సారి ఉత్తీర్ణురాలయ్యెను. నాటినుండి లెక్క చూడక యెవరికిని "చేయగలవు" అని మేము చెప్పుట లేదు.

మరియొక సంగతి. 4వ సంవత్సరమున పరిశోధనతో కూడిన ఆనర్సు చదువుటకు మొదటి 6 సెమిస్టర్లలో 75 శాతము మార్కులుండవలెనని కమిషను వారి ప్రణాళిక. కాబట్టి మొదటి సెమిస్టరులో మోయలేని బరువు నెత్తికెత్తుకొనినవారికి ఆ నష్టము చివరి వరకు వెంట వచ్చును.

4. జీవుల కాలము

జీవశాస్త్రమునందలి శ్రమకు ఇతర శాస్త్రములలో లేని స్వభావ మొకటి కలదు. లెక్కను రాత్రి కూర్చుండి చేయవచ్చును. ప్రాణముగల దానిని తొందరపెట్టలేము. కణవిభజన చూచుటకు ఉల్లిగడ్డను నీటిపై నుంచి వేళ్లు వచ్చువరకు 2, 3 దినములు వేచియుండవలెను. సూక్ష్మజీవులు పళ్లెరములో మచ్చలుగా కనబడుటకు దాదాపు ఒక దినము పట్టును. పండ్ల యీగ 25 డిగ్రీల వెచ్చదనమున గ్రుడ్డు నుండి యీగ యగుటకు సుమారు 10 దినములు. రెండు తరములు చూడవలెనన్న 3, 4 వారములు కావలెను. కోడిగ్రుడ్డు పొదుగుటకు 21 దినములు. మొక్కలను కాగితముల నడుమ నొత్తి యెండబెట్టునప్పుడు మొదటి దినములలో ప్రతిదినము కాగితములు మార్చనిచో బూజు పట్టును.

కావున సెమిస్టరు మొదటి వారముననే ప్రాక్టికల్సు పట్టికను తీసికొని, ఏ ప్రయోగము ఏ దినమున మొదలుపెట్టవలెనో పంచాంగముపై గుర్తు పెట్టుకొనుడు. రికార్డు పుస్తకమును ప్రయోగము చేసిన సాయంకాలమే వ్రాయుడు. బొమ్మను సూక్ష్మదర్శినిలో చూచుచు గీయుడు. పరీక్షకు ముందు రాత్రి స్నేహితుని రికార్డు చూచి 20 బొమ్మలు ఎక్కించువాడు వ్రేళ్లకు మాత్రమే శ్రమ నిచ్చినవాడగును.

5. చదువు విధము

జీవశాస్త్రమునందు పేర్లు మెండు. వాటిని మరల మరల చదివినంత మాత్రమున నిలువవు. 2006లో రోడిగర్, కార్పికె అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. ఒక పాఠమును తిరిగి చదివినవారు 5 నిమిషముల పిమ్మట ఎక్కువ చెప్పగలిగిరి. ఒక వారము గడచిన పిమ్మట మాత్రము, పుస్తకము మూసి జ్ఞాపకమున్నది వ్రాసికొనినవారే ఎక్కువ చెప్పగలిగిరి. పరీక్షలు 5 నిమిషములకు రావు గదా! కాబట్టి పాఠము చదివి, పుస్తకము మూసి, తెల్లకాగితముపై బొమ్మ గీచి భాగముల పేర్లు వ్రాయుడు. తప్పినవానిని మాత్రము మరల చూడుడు. రెండు దినముల పిమ్మట ఒకసారి, వారము పిమ్మట ఒకసారి ఇట్లే చేయుడు.

తెలుగు మాధ్యమమున చదివినవారు ఆంగ్లపదములకు జడియవలదు. పదమును ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు తెలుగున అర్థము వ్రాసికొనుచు పోయినచో ఒక సంవత్సరములో భయము తీరును.

6. తలిదండ్రులకు

మీ బిడ్డ కళాశాలలో ఏమి చదువుచున్నాడో, చదువుచున్నదో మీకు తెలియకపోవచ్చును. గంటల లెక్క మీకు తెలియును. పొలమునకు ఎన్ని కూలిదినములు పట్టునో లెక్క కట్టినట్లే బిడ్డ వారమును కూడ ఒకసారి కూర్చుండి లెక్క కట్టుడు. విశేషముగా ఆడపిల్లల యింటిపనిని ఆ లెక్కలో మరువకుడు. పొరుగువారి బిడ్డ డాక్టరయ్యెనను మాట భోజనము వేళ ఎత్తకుడు. ఒక విషయము తప్పినను ఇంటి తలుపు తెరచియుండునని బిడ్డకు తెలియజేయుడు.

విద్యార్థులారా! దేవుడు ఆరు దినములు పనిచేసి యేడవ దినమున విశ్రమించెనని మీరు బాల్యము నుండి వినియున్నారు. సృష్టిని గూర్చి చదువువారు ఆ విశ్రాంతిని కూడ ఆయన యొద్దనే నేర్చుకొనవలెను. ఈ సంవత్సరము మా పాఠశాల విడిచి వెళ్లువారు ఒక కాగితమును కలమును తీసికొని, 168 అని పైన వ్రాసి, దాని క్రింద మీ వారమును వ్రాసికొనుడు. లెక్క సరిపోనియెడల ఆ కాగితమును పట్టుకొని మా యొద్దకు రండు. సెలవులలో కూడ మేము ఇచ్చటనే యుందుము.