రాధానగర సముద్రతీరము

కొన్ని సముద్రతీరములు రేవుల వలన పేరు పొందినవి. మరికొన్ని సౌందర్యము వలన పేరు పొందినవి. రేవుగా పేరు పొందిన తీరమునకు జనము వచ్చినకొలది సంపద పెరుగును. సౌందర్యముచే పేరు పొందిన తీరమునకు జనము వచ్చినకొలది సంపదతోపాటు ప్రమాదము కూడ పెరుగును. ఈ ప్రమాదమును తొలగించుటకు మానవుడెట్టి ప్రయత్నము చేయవలెనో అండమాను దీవులలోని రాధానగర తీరము మనకు తెలుపుచున్నది.

అండమాను నికోబారు దీవులు బంగాళాఖాతమునకు తూర్పున నున్నవి. వీని ముఖ్యపట్టణము పోర్ట్ బ్లెయిర్. దీనికి 2024లో శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. అచ్చటినుండి వేగముగా పోవు ఓడలో ఒకటిన్నర గంట ప్రయాణము చేసినచో స్వరాజ్ ద్వీపము చేరవచ్చును. పూర్వము దీనిని హేవ్‌లాక్ ద్వీపమనెడివారు. 1857 నాటి తిరుగుబాటును అణచుటలో పాల్గొన్న ఆంగ్ల సేనాని పేరది. 1943 డిసెంబరు 30వ తేదీన నేతాజీ సుభాస్ చంద్రబోసు పోర్ట్ బ్లెయిరులో జాతీయపతాకము నెగురవేసెను. సరిగా డెబ్బదియైదేండ్ల తరువాత, 2018లో అదే తేదీన, ప్రభుత్వము ఈ ద్వీపమునకు స్వరాజ్ ద్వీపమని నామకరణము చేసెను.

దేశవిభజన తరువాత తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు ఈ ద్వీపమున స్థిరపడిరి. ఇల్లు వాకిలి విడిచి వచ్చిన ఆ వైష్ణవభక్తులు తాము కట్టుకొన్న పల్లెలకు గోవిందనగరము, కృష్ణనగరము, శ్యామనగరము, రాధానగరము అని పేళ్లు పెట్టుకొనిరి. వరి, కొబ్బరి, పోక, అరటి వారి పంటలు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై వెళ్లిన తెలుగువారు కూడ అండమాను దీవులలో పెక్కుమంది కలరు.

రాధానగర తీరము ద్వీపమునకు పడమటి వైపున ఇంచుమించు రెండు కిలోమీటర్ల పొడవున నెలవంకవలె వంగియున్నది. ఆంధ్రతీరమున సూర్యుడు సముద్రములోనుండి ఉదయించును. ఇచ్చట సముద్రములో అస్తమించును. తీరమునకు వెనుక మిన్నంటు వృక్షములతో దట్టమైన అడవి కలదు. పూర్వము అండమాను అడవులలో దుంగలను లాగుటకై ఏనుగులను తెచ్చిరి. అవి ఒక దీవినుండి మరియొక దీవికి సముద్రమున ఈదుచు పోయెడివి. వానిలో రాజన్ అను ఏనుగు తన ముదిమిని ఈ ద్వీపముననే గడపి, 2016లో మరణించెను.

ఇచ్చటి ఇసుక మిక్కిలి తెల్లనిది. మన తీరపు ఇసుక చాలవరకు కొండలరాళ్లు అరుగగా నదులు మోసికొని వచ్చినది. ఈ దీవుల తెల్లని ఇసుకలో అధికభాగము పగడపు దిబ్బలు, గవ్వలు, నత్తగుల్లలు నలిగి యేర్పడినది. కొన్ని జాతుల చేపలు పగడపురాతిని కొరికి, దానిమీది నాచును తిని, రాతిపొడిని ఇసుకగా విసర్జించును. కనుక సముద్రములో పగడము చచ్చిపోయినచో, కాలక్రమమున ఒడ్డున ఇసుకకును లోటు కలుగును.

2004లో అమెరికా దేశపు టైమ్ పత్రిక ఈ తీరమును ఆసియాఖండమున ఉత్తమమైనదని కొనియాడెను. నాటినుండి యాత్రికుల రాక హెచ్చినది. చిన్న ద్వీపమునకు ఇది భారము. యాత్రికుడు త్రాగు నీటిసీసా, తిను పొట్లము ఓడలపై వచ్చును. ఖాళీ సీసాకు, చింపిన పొట్లమునకు మాత్రము తిరిగిపోవుటకు అంత సులువైన దారి లేదు. మురుగునీటిని శుద్ధిచేయక విడిచినచో అది పోయి సముద్రములోనే కలియును.

ఈ విషయమున అశ్రద్ధ చేసినచో ఏమగునో ఫిలిప్పీన్సు దేశములోని బొరకాయ్ ద్వీపము చాటినది. అదియు తెల్లని ఇసుకకు పేరుపడిన ద్వీపమే. అచ్చట భోజనశాలలు, వసతిగృహములు లెక్కకు మించి వెలసినవి. వానిలో కొన్ని మురుగును నేరుగా సముద్రములోనికే విడిచినవి. తుదకు 2018 ఏప్రిలులో ఆ దేశప్రభుత్వము ద్వీపమును ఆరు నెలలపాటు యాత్రికులకు మూసివేసెను. యాత్రికులనే నమ్ముకొని జీవించు పడవవారు, పనివారు అంతకాలము జీవనోపాధి లేక ఇబ్బంది పడిరి.

ఇట్టి దుస్థితి కలుగకుండుటకే తీరములకు కొన్ని నియమములు ఏర్పడినవి. వానిని పాటించు తీరములకు బ్లూ ఫ్లాగ్, అనగా నీలిజెండా, అను గుర్తింపు నొసగుదురు. ఇది 1985లో ఫ్రాన్సు దేశమున ఆరంభమైనది. డెన్మార్కునందలి ఒక సంస్థ దీనిని నిర్వహించుచున్నది. దీనికి ముప్పదిమూడు నియమములు కలవు. స్నానము చేయు నీటిని క్రమముగా పరీక్షింపవలెను. మరుగుదొడ్లు, త్రాగునీరు, చెత్తకుండీలు, ప్రథమచికిత్స, ఈతకాండ్రను కాపాడు కావలివారు ఉండవలెను. వికలాంగులు సైతము తీరమునకు చేరుటకు దారి యుండవలెను. 2020లో మన దేశమున ఎనిమిది తీరములకు తొలిసారిగా ఈ గుర్తింపు లభించినది. రాధానగరము వానిలో నొకటి. మన విశాఖపట్టణమునందలి ఋషికొండ మరియొకటి.

ఈ వసతులు సుఖము కొరకే యని తలంపరాదు. మరుగుదొడ్డి యున్నచో ఇసుక శుభ్రముగా నుండును. చెత్తకుండీ యున్నచో తాబేలు సంచిని మ్రింగి చావదు. కావలివాని యీల ప్రాణమును నిలుపును. 2010లో రాధానగరమునకు చేరువను నీటిలో దిగిన ఒక విదేశ యాత్రికురాలు మొసలి వాతబడి మరణించెను. అండమాను జలములలో ఉప్పునీటి మొసళ్లు కలవు. ఈదదగిన చోటును, ఈదరాని చోటును తెలుపు హెచ్చరిక పలకలను చదివి నడచుకొనుట అందుచేతనే అవసరము.

నీలిజెండా ఒకసారి లభించినచో శాశ్వతముగా నుండునది కాదు. ఏటేట పరీక్షకు నిలువవలెను. 2025లో ఋషికొండ తీరమున నిర్వహణ లోపించుటచే ఆ గుర్తింపును కొంతకాలము నిలిపివేసిరి. లోపములు సరిదిద్దిన పిదప అది మరల లభించినది. పరీక్షయందు తప్పిన విద్యార్థి శ్రద్ధతో చదివి మరల కృతార్థుడగునట్లే యిది జరిగినది.

ప్రభుత్వము కుండీని ఉంచగలదు గాని, ప్రతివాని చేతిలోని కాగితమును అందులో వేయలేదు. పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. వానిని తీసికొనిపోవుట నేరము. అయినను, ఒక్క తునుకయే గదా యని ప్రతి యాత్రికుడును జేబులో వేసికొన్నచో, తీరమునకు మిగులునదేమి? రాధానగరమునకు పోయినను, ఋషికొండకు పోయినను, మన ఊరి చెరువుగట్టునకు పోయినను, తరువాత వచ్చువానికి ఆ చోటును మనము చూచినట్లే విడిచి రావలెను. అట్లు మెలగుటయే నాగరికత.