మామూలు రోజు ఎలా ఉంటుందో అడగండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్లలో ఫోన్లు ఊరుకోవు. ఫలానా కాలేజీ నుంచి మాట్లాడుతున్నామండీ, ఫీజులో రాయితీ ఇస్తాం, ఎంపీసీలో చేర్చండి, ఐఐటీ బ్యాచ్‌లో వేస్తాం అంటారు. మేనమామ ఒక మాట చెబుతాడు, పక్కింటి ఇంజినీరు ఇంకో మాట చెబుతాడు. నాలుగు రోజుల్లో గ్రూపు ఖాయమైపోతుంది, అడ్వాన్సు కట్టేస్తారు. ఆ తర్వాత రెండేళ్లు పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పుస్తకాలు, టెస్టులు, ర్యాంకులు, మళ్లీ టెస్టులు. రేపు తాను చేయబోయే పనిని, ఆ పని చేసే మనిషిని ఒక్క పూటైనా దగ్గర నుంచి చూసే అవకాశం ఆ రెండేళ్లలో పిల్లలకు దొరకదు. ఎకరం పొలం కొనాలంటే నాలుగుసార్లు వెళ్లి గట్టు మీద నిలబడతాం, నీళ్లు ఎటు నుంచి వస్తాయో అడుగుతాం, లింకు డాక్యుమెంట్లు చూపించమంటాం. ముప్ఫై నలభై ఏళ్లు చేయాల్సిన పనిని మాత్రం చూడకుండానే ఎంచుకోమంటున్నాం. ఇది పిల్లల పట్ల అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్దయ్యాక ఏమవుతావని పిల్లలను అడిగితే డాక్టరో, సాఫ్ట్‌వేరో, కలెక్టరో అని చెబుతారు. వాళ్లకు తెలిసింది ఆ ఉద్యోగం పేరు, ఆ పేరుకు ఊళ్లో ఉన్న గౌరవం, మహా అయితే జీతం. ఆ ఉద్యోగంలో ఏ విశేషమూ లేని ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలియదు. సివిల్ ఇంజినీరు రోజులో సగం సైటులో ఎండకు నిలబడి లెవెల్స్ చూసుకోవడం, కంకర రాలేదని ఫోన్లు చేయడం, మేస్త్రీతో, కాంట్రాక్టరుతో వాదించడంలోనే పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరిన వాళ్లు ఎక్కువ కాలం ఎవరో రాసిపెట్టిన కోడ్ చదువుతూ, అందులో తప్పు వెతుకుతూ గడుపుతారు. వకీలు కోర్టులో వాదించే సమయం కంటే ఫైళ్లు తయారు చేసుకునే సమయం, కేసు పిలిచేదాకా కూర్చునే సమయం ఎక్కువ. ఏ పనిలోనైనా సగానికి సగం ఇలాంటి చాకిరే. అది విని కొందరు పిల్లలు వెనక్కి తగ్గుతారు. తప్పు వెతకడమంటే నాకిష్టమే, గంటలు తెలియవు అనే వాళ్లూ కొందరుంటారు. ఆ రెండో రకం జవాబు వినిపించిన చోట ఆగి, ఆ దారిని ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఏ పనిలోని విసుగును ఓర్చుకోగలరో తెలిస్తే, ఏ పనిలో నిలబడగలరో చాలావరకు తెలిసినట్టే.

శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ జీవితం ఈ విషయంలో పిల్లలకు తప్పక చెప్పాలి. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. రసాయన శాస్త్రం చదివి ఎంచుకున్నది తోళ్ల పరిశ్రమను. ముడితోళ్ల వాసన, సున్నం తొట్లు, ఆ పని చేసేవాళ్లను దూరం పెట్టే సమాజం. చదువుకున్నవాళ్లు అటు వెళ్లాలని ఎవరూ అనుకోని రోజులవి. ఆయన అమెరికాలో తోళ్ల మీదే పరిశోధన చేసి, తిరిగి వచ్చి మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. ఆ తర్వాత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)కే అధిపతి అయ్యారు. ఉద్యోగం పేరులో ఉన్న హోదా చూసి ఎంచుకునే మనిషైతే తోళ్ల వైపు అడుగే పెట్టేవారు కాదు.

మరి పదిహేడేళ్ల పిల్లలు పనిని ఎలా చూడాలి? మనుషులను కలిసి చూడాలి. దసరా సెలవులున్నాయి, సంక్రాంతి సెలవులున్నాయి, మొదటి సంవత్సరం పరీక్షల తర్వాత వేసవి ఉంది. బంధువుల్లో, వీధిలో, అమ్మానాన్నల పరిచయాల్లో ఆ పని చేస్తున్నవాళ్లు ఎవరో ఒకరుంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక గంట కూర్చుంటే చాలు. వీలైతే ఒక పూట వాళ్ల వెంట ఉండాలి. సలహా ఇవ్వమని అడగకూడదు. సలహా అడిగితే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. చేసే పని గురించి అడగాలి. ‘సార్, పొద్దున రాగానే మొదట ఏం చేస్తారు? నిన్న ఎక్కువసేపు దేని మీద కూర్చున్నారు? మీకు బాగా చిరాకు తెప్పించేదేంటి? మొదటి జీతం ఎన్నేళ్లకు వచ్చింది? మీ పాపను ఇందులోకి పంపుతారా?’ ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును, దానికి ముందు కాసేపు సాగే మౌనాన్ని కూడా గమనించాలి. ఒకే పని చేసే ఇద్దరిని కలవడం ఇంకా మంచిది. ఒకరు పెద్దవాళ్లు, ఒకరు చేరి రెండు మూడేళ్లయినవాళ్లు. పెద్దవాళ్లు చెప్పేది వాళ్ల కాలపు సంగతి. ఇప్పటి సంగతి చిన్నవాళ్లకే తెలుసు.

ఇలా తిరిగితే మన ఊళ్లోనే ఉండి కంటికి ఆనని పనులు బయటపడతాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఆక్వా ల్యాబులుంటాయి. రొయ్య పిల్లను చెరువులో వదిలే ముందు దానికి తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేసి చెబుతారు. ఆ ఒక్క రిపోర్టు మీద రైతు పెట్టుబడంతా ఆధారపడి ఉంటుంది. బైపీసీ చదివే పిల్లల్లో చాలామంది రోజూ ఆ బోర్డు ముందు నుంచే కాలేజీకి వెళ్తారు, లోపల ఏం జరుగుతుందో తెలియదు. నీట్‌లో సీటు రాకపోతే జీవితం అయిపోయిందనుకుని లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లేవాళ్లు మత్స్యశాస్త్రం, వ్యవసాయం, నర్సింగ్, ఆప్టోమెట్రీ లాంటి వాటిని ఒక్కసారైనా దగ్గర నుంచి చూసి ఉండాల్సింది. చూశాక కూడా వైద్యమే కావాలనుకుంటే మళ్లీ రాయండి. అప్పుడది తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

గ్రూపు విషయంలో అనవసరమైన భయాలు చాలా ఉన్నాయి. ఇంటర్‌లో మ్యాథ్స్ లేకపోతే బీటెక్‌లో ఎక్కువ బ్రాంచీలు, ఆర్కిటెక్చర్ దూరమవుతాయి, నిజమే. బయాలజీ లేకుండా నీట్ లేదు, అదీ నిజమే. కానీ ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా సరిపోతుంది. సీఏ ఫౌండేషన్‌కూ అంతే. ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. ఆ పరీక్ష 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. తిరుపతి ఐసర్‌లో సైన్సు చదవడానికి ఎంపీసీ వాళ్లకూ బైపీసీ వాళ్లకూ దారి ఉంది. సీఈసీ తీసుకున్నారని పిల్లలను తక్కువగా చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ చిన్నచూపు మానుకోవాలి.

తేదీల సంగతి దీనికంటే ముఖ్యం. ‘రిజల్ట్స్ వచ్చాక చూద్దాం’ అనే మాట చాలామంది పిల్లలకు నష్టం చేస్తోంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి జరిగే క్లాట్ ఇటీవలి సంవత్సరాల్లో డిసెంబరులోనే అయిపోతోంది. అంటే ఇంటర్ రెండో సంవత్సరం సగంలో ఉండగానే రాసేయాలి. హైదరాబాద్‌లోని నల్సార్‌లో చదవాలన్న ఆలోచన మే నెలలో వస్తే ఒక ఏడాది ఆగాల్సిందే. నిఫ్ట్ లాంటి డిజైన్ సంస్థల దరఖాస్తులు కూడా ఇంటర్ పరీక్షలకు ముందే ముగుస్తాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల సీయూఈటీకి, ఐసర్ పరీక్షకు ఫలితాల కోసం ఆగకుండానే ఫారం నింపాలి. అందుకే మొదటి సంవత్సరం వేసవి అయ్యేసరికి ఒక నోటు పుస్తకంలో రెండు మూడు దారులు, ఒక్కొక్క దానికి దరఖాస్తు నెల, చదువుకు పట్టే ఏళ్లు, అయ్యే ఖర్చు రాసుకుని ఉండాలి.

ఖర్చు గురించి ఇంట్లో దాపరికం వద్దు. నాన్న ఎంత కట్టగలడో, ఎంత అప్పు చేయాల్సి వస్తుందో పిల్లలకు చెప్పాలి. పదిహేడేళ్లవాళ్లు అర్థం చేసుకుంటారు. వాళ్లకు బాధ కలిగించేది లేమి కాదు, నాలుగో సంవత్సరంలో హఠాత్తుగా తెలిసే అప్పు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపైన పీజీ. సీఏలో రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌లో చిన్న స్టైపెండ్ వస్తుంది గానీ ఫైనల్ పాసయ్యేది ఎప్పుడో ముందే చెప్పలేం. ఇంట్లో త్వరగా సంపాదన కావాల్సిన పరిస్థితి ఉంటే దానికి తగిన దారి వేరు, దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆడపిల్ల విషయంలో ‘దగ్గర్లో ఉంటే చాలు’ అని కోర్సును దూరం బట్టి తేల్చేసే తల్లిదండ్రులను మాత్రం ఒకటి అడుగుతున్నాను. ఆ హాస్టల్‌కు ఒకసారి స్వయంగా వెళ్లి చూసి, ఆ తర్వాత వద్దనండి.

జూనియర్ లెక్చరర్లకూ ఒక విన్నపం. కౌన్సెలర్లు లేని కాలేజీల్లో పిల్లలకు మీరే దిక్కు. మీ దగ్గర చదువుకుని ఎక్కడెక్కడో పనిచేస్తున్న పాత విద్యార్థులు మీకు తెలుసు. నెలకు ఒక పీరియడ్ వదులుకుని వాళ్లలో ఒకరిని పిలిపించండి. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లే రానక్కర్లేదు. ల్యాబ్ టెక్నీషియన్ రావచ్చు, సర్వేయర్ రావచ్చు, స్టాఫ్ నర్సు రావచ్చు.

విద్యార్థులారా, ఈ వారంలోనే మీకు ఆసక్తి ఉన్న పనిలో ఉన్న ఒకరి పేరు రాసుకోండి. ఆ నంబరు అమ్మనో నాన్ననో మీ సారునో అడగండి. ఫోన్ చేసి, ‘అన్నా, మీరు పని చేసే చోటికి ఒక్కసారి వచ్చి చూడొచ్చా?’ అని అడగండి. ఒకరు కాదంటే రెండో మనిషికి చేయండి.