పట్టాలపై ఏకాంతర విద్యుత్తు

డీజిలు ఇంజనులో చమురు మండి నేరుగా చక్రాలను త్రిప్పుతుందని మనలో చాలమంది తలంపు. నిజానికి మన పెద్ద రైలింజన్లలో చమురు చేసే పని విద్యుత్తును పుట్టించడమే. ఇరుసులను త్రిప్పేవి క్రింద అమర్చిన మోటార్లు. ఇవి ఏకముఖ విద్యుత్తు (డి.సి.) నుండి ఏకాంతర విద్యుత్తు (ఎ.సి.)కు మారిన విధమును పరిశీలింతము.

1962లో అమెరికాలోని ఆల్కో సంస్థనుండి వచ్చి, 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజను 2600 అశ్వశక్తుల బలము గలది. మన పొరుగున గుత్తి షెడ్డులో ఇట్టివి అనేకముండేవి. వీటి మోటార్లు డి.సి. మోటార్లు. తిరిగే భాగానికి విద్యుత్తు నందించుటకు వాటిలో కార్బన్ బ్రష్షులు, కమ్యూటేటర్ అనే రాగి పలకల వలయము కావలెను. బ్రష్షులు అరుగుతాయి, పొడి రాలుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. మన సీమ దుమ్మూ ఎండా తోడైతే వేరే చెప్పనక్కరలేదు. నంద్యాల దాటి నల్లమల ఎక్కే దారి వంటి చోట్ల, బరువైన రైలు నెమ్మదిగా ప్రాకునప్పుడు మోటారులో ప్రవాహము పెరిగి అది కాగిపోతుంది. ఆ స్థితిలో ఎక్కువసేపు పని చేయించరాదు.

బ్రష్షులు లేని మోటారు లేదా? ఉన్నది. మన పొలాలలో బోరునీటిని తోడే త్రీఫేజు మోటారు ఆ జాతిదే. అందులో స్థిరభాగాన పుట్టిన భ్రమణ అయస్కాంత క్షేత్రము లోపలి భాగాన్ని తనవెంట లాగికొనిపోతుంది. అయితే దాని వేగము కరెంటు ఆవర్తనాలపై ఆధారపడును. పొలానికి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. కనుక పంపు దాదాపు ఒకే వేగముతో తిరుగుతుంది. నీటికది చాలును, రైలుకు చాలదు. రైలు నిలిచిన చోటినుండి పరుగు వరకు అన్ని వేగాలనూ అందుకొనవలెను. ఆవర్తనాలను కోరినట్లు పెంచి తగ్గించే ఇన్వర్టరు భారీ శక్తిని మోయగలిగిన పిమ్మటనే ఈ చిక్కు విడినది.

అమెరికాలో 1993 నుండి ఎస్.డి. 70 ఎం.ఎ.సి. ఇంజన్లు బొగ్గు రైళ్లను లాగసాగినవి. మన దేశానికి 1999లో జనరల్ మోటార్స్ నుండి 4000 అశ్వశక్తుల డబ్ల్యు.డి.జి.-4 వచ్చినది. అంతకుముందే జనరేటరు స్థానంలో ఎ.సి. ఆల్టర్నేటరును ఉంచి, మోటార్లను మాత్రం డి.సి.గానే నిలిపిన ఇంజన్లు కూడ నడిచినవి. డబ్ల్యు.డి.ఎం.-2 బయలుదేరునప్పుడు లాగే బలము సుమారు 30 టన్నులు; డబ్ల్యు.డి.జి.-4కు సుమారు 54 టన్నులు. ఇంజను బరువు కొంత పెరిగిన మాట నిజమే. కాని ముఖ్యకారణము పట్టు. చక్రము జారబోయినప్పుడు ఎ.సి. మోటారు ఆవర్తనాలు నిర్ణయించిన వేగాన్ని పెద్దగా మించజాలదు. నియంత్రణ వ్యవస్థ వెంటనే సరిదిద్దుతుంది.

ఈ మార్పుతో బ్రష్షుల పని తగ్గినది, ఇన్వర్టరు విద్య అవసరమైనది. చేతి అనుభవమొక్కటే చాలక, ఎలక్ట్రానిక్సు తెలియవలసి వచ్చినది. నేడు కడప మార్గంలో విద్యుత్తీగెలు వెలసినవి. వారణాసి కర్మాగారము కూడ విద్యుత్ ఇంజన్లవైపు మళ్లినది. మరి ఆ నేర్చిన విద్య వృథాయేనా? కాదు. డబ్ల్యు.ఎ.జి.-9, డబ్ల్యు.ఎ.పి.-7 విద్యుత్ ఇంజన్లలోనూ అదే త్రీఫేజు మోటారు, అదే ఇన్వర్టరు సూత్రము.

కర్నూలు, కడప పల్లెలనుండి రైల్వే కొలువును ఆశించి చదివే విద్యార్థులు గ్రహింపవలసినది ఇదే. యంత్రము మాత్రమే తెలిసినవాని విద్య ఆ యంత్రముతోనే పాతబడును. సూత్రము తెలిసినవాడు పొలములోని మోటారును చూచి పట్టాలపై ఇంజనును అర్థము చేసికొనగలడు.