తీరవిద్యుత్తు

సికింద్రాబాదులోని తిరుమలగిరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా నౌకలోని విద్యుత్ వ్యవస్థను గ్రహించడానికి అక్కడి మధ్యతరగతి ఇల్లు ఒక్కటి చాలు. కరెంటు పోగానే ఇన్వర్టరు దీపాలను బ్యాటరీకి అప్పగిస్తుంది. తిరిగి రాగానే వాటిని వీధి తీగకు కలిపి, బ్యాటరీని నింపడం ఆరంభిస్తుంది. ఎవరూ లేచి స్విచ్చి నొక్కనక్కరలేదు.

రేవు చేరిన పడవ కూడా ఇట్లే గట్టుమీది విద్యుత్తును తీగద్వారా అందుకుంటుంది. అదే తీరవిద్యుత్తు. అప్పుడు ఇంజను ఆపివేయవచ్చు. పొగ ఉండదు, రొద ఉండదు. కేంద్రప్రభుత్వం 2023లో వెలువరించిన ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలు విశాఖపట్నం వంటి ప్రధాన రేవులలో ఈ పద్ధతిని ప్రోత్సహించాయి. అదే సంవత్సరం కొచ్చిలో ప్రారంభమైన జలమెట్రో పడవలు బ్యాటరీలతో నడిచేవి. రేవులో 10, 15 నిమిషాలు ఆగితే మళ్ళీ ప్రయాణానికి సిద్ధమవుతాయి.

ఇంటికి వచ్చే తీగ ఎప్పుడూ ఒకటే. పడవకు మాత్రం ప్రతి రేవులోనూ కొత్త తీగే. ఒకచోట ఫేజు, న్యూట్రలు తారుమారై ఉండవచ్చు. మరొకచోట వోల్టేజి చాలకపోవచ్చు. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జులు కాగా, అనేక పెద్ద నౌకలలో 60 హెర్ట్జులు. అందుచేత స్వయంచాలక యంత్రం వచ్చిన విద్యుత్తును వెంటనే లోనికి రానీయదు. కొన్ని క్షణాలు పరీక్షించి, జనరేటరును విడదీసిన తరువాతనే తీరపు తీగను కలుపుతుంది. పొంతన లేని రెండు సరఫరాలు ఏకకాలంలో కలిస్తే యంత్రాలు దగ్ధం కావడానికి రెప్పపాటు చాలు.

బ్యాటరీని నింపడమూ ఒక నేర్పే. కడవలో నీరు పోసేవారు అంచు సమీపించేకొద్దీ ధార సన్నగిల్లజేస్తారు కదా! 12 వోల్టుల సీసపు బ్యాటరీకి ఛార్జరు మొదట నిండుగా విద్యుత్తునిచ్చి, సుమారు 14.4 వోల్టుల వద్ద కొంతసేపు నిలిపి, పిదప 13.5 వోల్టులకు తగ్గిస్తుంది. అట్లు తగ్గించకపోతే బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. పడవ గర్భంలోని ఇరుకు గదిలో గాలి ఆడే ఏర్పాటు లేకుండా బ్యాటరీ పెట్టడం సాహసం కాదు, అవివేకం.

అసలు చిక్కు పడవలో ఎవరూ లేనప్పుడు వస్తుంది. అడుగున ఊరే నీటిని తోడిపోసే పంపు బ్యాటరీతోనే నడుస్తుంది. రాత్రివేళ గట్టుమీద ఫ్యూజు పోయిందనుకుందాం. ఫ్రిజ్జు, దీపాలు, పంపు అన్నీ ఆ బ్యాటరీనే పీల్చుకొంటాయి. తెల్లవారేసరికి బ్యాటరీ అడుగంటి పంపు ఆగితే, గట్టుకు కట్టిన పడవ కట్టినచోటనే మునుగుతుంది. మన ఇళ్ళలో ఫ్రిజ్జును ఇన్వర్టరుకు కలపక, ఫ్యాన్లను, దీపాలను మాత్రమే కలుపుతాము. పడవలోని యంత్రమూ ఆ లెక్కనే పాటిస్తుంది: తీరవిద్యుత్తు పోయినట్లు యజమానికి ఫోనులో హెచ్చరిక పంపి, మొదట ఫ్రిజ్జును, తరువాత దీపాలను ఆపివేస్తుంది. పంపును మాత్రం చివరివరకూ ముట్టుకోదు.