ఇంజన్ ఆయిల్ తింటోందా? ముందు లెక్క రాయండి



ఈ సంచికలో మన పాఠం చిన్న టర్బో కార్ల ఇంజన్లు ఆయిల్ ఎక్కువగా తినడం గురించి. ఐటిఐ, డిప్లొమా పిల్లలకు ఇది చదువులో భాగం. సొంత కారో, టాక్సీయో ఉన్న తల్లిదండ్రులకు ఇది ఇంటి ఖర్చుకు సంబంధించిన సంగతి. మా ఇంట్లో మాత్రం దీనివల్ల ఒకరి చదువు ఏడాది వెనకబడింది. అందుకే ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాను.

మా ఇంటి సంగతి

2009లో నేను బళ్ళారిలో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న అప్పు చేసి ఒక పాత డీజిల్ టర్బో కారు కొని టాక్సీగా తిప్పేవారు. తోరణగల్లు, సండూరు, హోస్పేట వైపు కిరాయిలే ఎక్కువ. (హోస్పేట అప్పుడు మన జిల్లాలోనే ఉండేది. 2021లో విజయనగర జిల్లాలోకి వెళ్ళింది.) 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించే వరకు ఆ రోడ్లలో ఇనుప ఖనిజం లారీలకు అంతే లేదు. సాయంత్రం నాన్న ఇంటికి వస్తే చొక్కా కాలరు, కారు రెండూ ఎర్రగా ఉండేవి.

కొన్నాళ్ళకు కారు ఆయిల్ తినడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో చూపిస్తే, టర్బో నుంచి వచ్చే గొట్టం విప్పి, లోపల ఆయిల్ చూపించి, "టర్బో పోయింది, మార్చాల్సిందే" అన్నారు. 28 వేల రూపాయలు అయింది. అది అక్క బి.ఎడ్. ఫీజుకని అమ్మ దాచిన డబ్బు. టర్బో మార్చిన మూడు వారాలకు చూస్తే ఆయిల్ మళ్ళీ తగ్గింది.

నేను మా ఆటోమొబైల్ లెక్చరర్ గారిని అడిగాను. ఆయన నన్ను తిరిగి అడిగింది ఒకటే ప్రశ్న: "ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోసినారప్పా?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న దగ్గరా లేదు. "తగ్గినప్పుడల్లా పోస్తున్నాను సార్, ఎర్ర లైటు ఎప్పుడూ పడలేదు" అన్నారు నాన్న. షెడ్డులోనూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. చిన్న ఇంజన్‌కు టర్బో ఎందుకు?

2006 కేంద్ర బడ్జెట్‌లో 4 మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల జీఎస్టీని 18 శాతం చేసినప్పుడు కూడా ఈ హద్దులే పెట్టారు. కాబట్టి కంపెనీలు ఇంజన్ చిన్నది పెట్టి, దాని నుంచే ఎక్కువ బలం రాబట్టే దారి చూసుకున్నాయి. ఆ దారే టర్బోచార్జర్.

దీనికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు తీసుకున్నారు. పొగగొట్టంలోకి పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది.

చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరగగలదు. సాధారణంగా దానికి బాల్ బేరింగులు ఉండవు. పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వస్తుంది, కిందనుంచి తన బరువుతోనే జారి ఇంజన్ అడుగున ఉన్న ఛాంబర్‌లోకి పోతుంది. "తన బరువుతోనే" అన్న మాట గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉంది.

2. ఎర్ర లైటు చెప్పేది వేరు

చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా గుర్తుతో వెలిగే ఎర్ర లైటు ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. మట్టం తగ్గుతున్నా, పంపుకు ఆయిల్ అందని స్థితి వచ్చేదాకా అది వెలగకపోవచ్చు. అప్పటికే టర్బో ఇరుసు, బేరింగులు ఎండిపోతుంటాయి. కాబట్టి అది వెలిగితే పక్కకు ఆపి వెంటనే ఇంజన్ ఆపేయాలి. "ముందు ఊరిదాకా పోదాం" అనుకోకూడదు.

ఆయిల్ మట్టం చెప్పేది గేజీ కడ్డీ. దాని మీది కింది గీతకూ పై గీతకూ మధ్య దూరం చాలా చిన్న కార్లలో సుమారు 1 లీటరు. కారును చదునైన చోట నిలిపి, వేడెక్కిన ఇంజన్‌ను ఆపి, అయిదు పది నిమిషాలు ఆగండి. కడ్డీని తీసి తుడిచి, పూర్తిగా దించి, మళ్ళీ తీసి చూడండి. పై గీత దాటేలా పోయడం కూడా తప్పే.

3. లెక్క ఎలా వేయాలి?

సార్ చెప్పినట్టు నాన్న ఒక నోటు పుస్తకం పెట్టారు. పై గీత వరకు పోసి మీటరు రాశారు. ఆపైన పోసిన ప్రతిసారీ కొలత డబ్బాతోనే పోశారు. 2,400 కిలోమీటర్లు తిరిగాక పోసింది మొత్తం 1.8 లీటర్లు. అంటే 1,000 కిలోమీటర్లకు 0.75 లీటరు.

ఇది ఎక్కువా, తక్కువా? ప్రతి ఇంజన్ కొంత ఆయిల్ తింటుంది. 1,000 కిలోమీటర్లకు 0.5 లీటరు వరకు ఫరవాలేదని రాసిన యజమాని పుస్తకాలు ఉన్నాయి. మీ కారు పుస్తకంలో ఏముందో చూడండి. మా కారు ఆ హద్దు దాటింది. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి పై గీత నుంచి కింది గీతకు రావడానికి వారం కూడా పట్టదు.

4. ఆయిల్ పోయే దారులు

ఒకటి, బయటికి కారడం. రాత్రి కారు కింద పాత అట్ట పరిచి, పొద్దున మరకలు చూస్తే తెలుస్తుంది.

రెండు, వాల్వ్ సీళ్లు గట్టిపడడం. రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలి పొగ వచ్చి తగ్గిపోతుంది.

మూడు, పిస్టన్ రింగులు అరగడం, లేదా మసి పట్టి గాడిలో ఇరుక్కోవడం. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు నీలి పొగ వస్తుంది.

నాలుగు, బ్రీదర్. సిలిండర్ల నుంచి కొంత వాయువు రింగుల సందుల్లోంచి ఛాంబర్‌లోకి దిగుతుంది. దాన్ని బయటికి పంపే గొట్టం, ఆయిల్ తుంపరను వేరుచేసే జల్లెడ కలిసి బ్రీదర్ వ్యవస్థ. అది మూసుకుపోతే ఛాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది.

అయిదు, టర్బో. చాలాసేపు ఐడిల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే గుప్పున నీలి పొగ వస్తుంది.

నల్ల పొగ ఇంధనానికి సంబంధించింది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ ఎక్కువగా కూలెంటుకు సంబంధించింది. ఆయిల్ మండితే పొగ నీలం. అయితే ఇప్పటి కార్లలో పొగగొట్టంలోని ఫిల్టర్లు నీలి పొగను కనబడనీయకపోవచ్చు. పొగ లేదని ధీమా వద్దు, కడ్డీని నమ్మండి.

5. మంచి టర్బో కూడా ఆయిల్ ఎందుకు వదులుతుంది?

టర్బో ఇరుసుకు రబ్బరు సీళ్లు ఉండవు. రెండు కొసల్లో సన్నని లోహపు రింగులు ఉంటాయి. బయటి గాలి ఒత్తిడి, లోపలి ఒత్తిడి సరిగా ఉన్నంతవరకే అవి ఆయిల్‌ను ఆపగలవు. మూడు సందర్భాల్లో ఈ లెక్క తప్పుతుంది.

బ్రీదర్ మూసుకుపోతే ఛాంబర్‌లో ఒత్తిడి పెరిగి, తన బరువుతో దిగాల్సిన ఆయిల్ దిగలేక టర్బోలోనే నిలుస్తుంది. దిగే గొట్టంలో మడ్డి పేరుకున్నా అంతే. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోతే గాలి చక్రం వైపు పీలుపు పెరిగి ఆయిల్‌ను లాగుతుంది. మూడింటిలోనూ గొట్టం విప్పితే ఆయిల్ కనిపిస్తుంది, నింద టర్బో మీద పడుతుంది.

మా కారు కథ ఇదే. సార్ చూపించి విప్పిస్తే ఎయిర్ ఫిల్టర్ ఇటుక రంగులో ఉంది. బ్రీదర్ జల్లెడ నల్లని మడ్డితో నిండిపోయింది. ఫిల్టర్ మార్చి, బ్రీదర్, గొట్టాలు కడిగించి, సరైన ఆయిల్ పోయించాం. అంతా కలిపి 3 వేల లోపే. తర్వాత 2,500 కిలోమీటర్లకు అర లీటరు పట్టింది, అంటే 1,000 కిలోమీటర్లకు 0.2 లీటరు.

విప్పేసిన పాత టర్బో గోనె సంచిలో ఇంట్లోనే ఉండేది. సార్ దాని ఇరుసును వేలితో తిప్పి చూశారు. పక్కకు కొద్దిగా కదిలింది, ఆయిల్ పొరకు వదిలిన సందు కనుక అది సహజం. ముందుకూ వెనక్కూ కదలిక తెలియలేదు. రెక్కలు గోడకు ఒరుసుకోలేదు. టర్బో బాగానే ఉంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. అక్క మరుసటి ఏడాది మన ట్రస్టు విద్యార్థి వేతనంతో బి.ఎడ్.లో చేరింది. ఇప్పుడు నేను డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ టర్బోనే వాళ్ళ చేతికి ఇచ్చి తిప్పమంటాను.

6. చూడాల్సిన వరుస

ఖర్చు తక్కువ పనితో మొదలుపెట్టాలి. లెక్క రాయడం, బయటి కారుడు, ఆయిల్ రకం, ఎయిర్ ఫిల్టర్, బ్రీదర్, టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం, ఆ తర్వాత సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష. ఇవన్నీ అయ్యాకనే టర్బో విప్పడం, ఇంజన్ బోరు పని. కారు వారంటీలో ఉంటే బయట విప్పించకండి. మీ లెక్క పుస్తకం, సర్వీసు బిల్లులు చూపించి, ఆయిల్ వాడకం పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి.

7. జాగ్రత్తలు

మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోస్తే తినడం ఆగుతుందని కొందరు చెబుతారు. 5డబ్ల్యు-30లో మొదటి అంకె చలిలో ఆయిల్ పారే గుణానిది, రెండోది 100 డిగ్రీల వేడిలో చిక్కదనానిది. మరీ చిక్కటి ఆయిల్ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బోకు ఆలస్యంగా చేరుతుంది. పుస్తకంలో రాసిన రకమే పోయండి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లలో, ఆయిల్ తుంపర వేళకు ముందే అంటుకుని పిస్టన్లను పగలగొట్టే ప్రమాదం ఉంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పి తరగతి ఆయిల్‌కు దీనికోసం ప్రత్యేక పరీక్ష ఉంది.

దూరం నడిపాక, ఎత్తు ఎక్కాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. లేకపోతే టర్బోలో నిలిచిన ఆయిల్ వేడికి మాడి బొగ్గవుతుంది. దుమ్ము రోడ్లలో తిరిగే కారుకు ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలోని గడువు కంటే ముందే చూడాలి.

ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతూ ఉంటే, అందులో ఇంధనం కలుస్తోందని అనుమానించాలి.

డీజిల్ టర్బో ఆయిల్‌ను విపరీతంగా వదిలితే, ఆ ఆయిలే ఇంధనమై తాళం తీసినా ఇంజన్ ఆగకుండా వేగం పెరిగిపోవచ్చు. గేర్ల బండిలో కూర్చుని ఉంటే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలితే ఆగిపోతుంది. బయట ఉంటే దగ్గరికి వెళ్ళకండి, అందరినీ దూరంగా పంపండి.

అభ్యాసం

1. ఒక కారుకు 14,200 కిలోమీటర్ల వద్ద పై గీత వరకు ఆయిల్ ఉంది. 15,800 వద్ద మళ్ళీ పై గీతకు తేవడానికి 0.8 లీటరు పట్టింది. 1,000 కిలోమీటర్లకు ఎంత తింటోంది?
2. ఆ కారు రోజుకు 150 కిలోమీటర్లు తిరుగుతుంది. గీతల మధ్య 1 లీటరు ఉంటే, పై నుంచి కిందికి ఎన్ని రోజుల్లో వస్తుంది?
3. కొత్త టర్బో వేసినా ఆయిల్ పోవడం ఆగకపోవడానికి మూడు కారణాలు రాయండి.

(మొదటి రెండింటి జవాబులు: 0.5 లీటరు, సుమారు 13 రోజులు. మూడోది 5వ భాగం చదివి రాయండి.)

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఆదివారం ఇంటి కారుకో, పక్కింటి టాక్సీకో మీ పిల్లల చేత గేజీ కడ్డీ తీయించండి. మీటరు రాయించండి. నాన్న ఇప్పుడు కారు నడపడం లేదు కానీ ఆ నోటు పుస్తకం మా ఇంట్లో భద్రంగా ఉంది. పది రూపాయల పుస్తకం అది. టర్బో మార్చకముందే కొని ఉంటే అక్కకు ఒక ఏడాది మిగిలేది.