లేసు చార్టులు: ఖాతా ఎవరి పేర?

సమస్య



మాది నరసాపురమునకు చేరువనున్న ఒక గ్రామము. మా అత్తగారు చిన్ననాటినుండి లేసు అల్లినవారు. నేను కాపురమునకు వచ్చిన పిదప ఆమె ప్రక్కన కూర్చుండియే క్రోషియా సూది పట్టుట నేర్చుకొంటిని. ఏజెంటు నూలు ఇచ్చిపోవును, మేము అల్లుదుము, అతడే వచ్చి లెక్క చూచుకొని పట్టుకొనిపోవును. అవి ఏ దేశమునకు చేరునో, అచ్చట ఎంతకు అమ్ముడుపోవునో మాకు ఏనాడును తెలియలేదు. చూపు మందగించుటచే ఇటీవల అత్తగారు సూది విడిచినారు. ఆమె చేతిలో మాత్రమే ఉండి ఎచ్చటను వ్రాతలో లేని డిజైనులు ఆమెతోనే పోవునేమో యను బెంగతో, నేను ఒక్కొక్కదానినే గళ్ళ కాగితముపై గీసి, ఏ వరుసలో ఎన్ని గొలుసులు వేయవలెనో, ఎచ్చట ఖాళీ విడువవలెనో, ఎచ్చట అతుకవలెనో వ్రాసి, మా అమ్మాయి సహాయముతో కంప్యూటరుకెక్కించి పీడీఎఫులుగా చేసితిని. ఇట్టివి 40 ఉన్నవి.

తగవు ఇక్కడనే వచ్చినది. హైదరాబాదులో చదువుకొనుచున్న మా అమ్మాయి, ఇట్టి చార్టులను విదేశముల స్త్రీలు ఎట్సీ అను ఇంటర్నెట్టు అంగడి వంటి చోట్ల డాలర్లు పెట్టి కొనుచున్నారనియు, మనమును అచ్చటనే పెట్టవలెననియు పట్టుబట్టుచున్నది. పరుల అంగడిలో కూర్చుండి కమీషను ఇచ్చుకొనుట దేనికి, 60 వేల రూపాయలతో సొంత వెబ్‌సైటు చేయించెదను, డబ్బు నా ఖాతాలో పడును, ఆడవారికి ఈ బ్యాంకు గొడవలు ఎందుకు అని మా మరిది వాదము. ఇంతలో మాకు నూలు ఇచ్చు ఏజెంటు ఈ సంగతి విని, అన్నియు కలిపి 15 వేలకు ఇమ్మని, సంతకము చేయవలసిన కాగితము గూడ తెచ్చి ఇచ్చినాడు. చేతికి వచ్చు సొమ్మును కాలదన్నుకొనవద్దని మా వారు అనుచున్నారు. అందరును నా మేలు కోరువారే. ఎవరి మాట వినుటయో తోచకున్నది.

— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా

అమ్మా,

ముందుగా ఆ ఏజెంటు తెచ్చిన కాగితము సంగతి చూతము. ఏలయన తక్కిన నిర్ణయములు పది దినములు ఆలస్యమైనను చెడిపోవునది లేదు గాని, ఆ కాగితముపై సంతకము పడినచో వెనుకకు తీసికొనుట మీ తరము గాదు. పదునైదు వేలు ఒక్కసారి చూచినప్పుడు పెద్ద మొత్తముగనే కనుపించును. దానిని 40 చార్టులకు పంచి చూడుడు: ఒక్కొక్కదానికి 375 రూపాయలు. అట్టి చార్టు విదేశపు అంగడిలో ఐదు డాలర్లకు పోయినదనుకొందము. డాలరు 85 రూపాయలు మాత్రమే యనుకొన్నను అది 425 రూపాయలు. కావున ఆ పెద్దమనిషి శాశ్వతముగా కొనదలచిన హక్కునకు ఇచ్చుచున్న వెల, ఒకే ఒక ప్రతి అమ్మకపు వెలకన్న తక్కువ. చేతికి వచ్చు సొమ్మును కాలదన్నరాదను మీ వారి మాట సామాన్యముగా మంచి మాటయే గాని, ఈ బేరమునకు వర్తింపదు.

ఆ కాగితమును మరల ఒకసారి చదువుడు. 1957 నాటి కాపీరైటు చట్టము 19వ సెక్షను ననుసరించి, హక్కును ఒకరికి బదిలీ చేయుట వ్రాతమూలకముగా, సంతకముతో జరిగిననే చెల్లును. అందు కాలపరిమితి చెప్పనిచో ఐదు సంవత్సరములనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే యనియు చట్టమే అర్థము చెప్పును. ఈ రక్షణను తొలగించుటకే తెలివిగల కొనుగోలుదారులు 'శాశ్వతముగా', 'ప్రపంచమంతటను' అను రెండు మాటలను పత్రమున చేర్తురు. అవి మీ కాగితమున కలవో లేవో నేనెరుగను. ఉన్నచో మాత్రము, అది మీ జీవితకాలమునకును, ఆపై 60 సంవత్సరములకును నిలుచు హక్కును తీసికొనిపోవు పత్రమని తెలిసికొనుడు.

ఇక మరిదిగారి మాట. అందు రెండు అంశములు కలిసియున్నవి; వానిని విడదీసిననే గాని న్యాయము తేలదు. సొంత వెబ్‌సైటు కావలెనా యనునది ఒకటి; సొమ్ము ఎవరి ఖాతాలో పడవలెననునది రెండవది. మీ ఉత్తరము చదువుచున్నంతసేపును నన్ను కలతపెట్టినది రెండవదే గాని మొదటిది కాదు.

మీ ప్రాంతపు లేసు చరిత్ర యంతయు ఈ ప్రశ్నచుట్టునే తిరిగినది. 19వ శతాబ్దమున గోదావరీ తీరమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక, ఇంటి గడప దాటని స్త్రీల చేతులమీదుగా సముద్రములు దాటి పోయినది. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త మీ ప్రాంతమునకు వచ్చి ఆ స్త్రీల జీవనమును పరిశీలించి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథమును ప్రకటించినది. దినమునకు ఎన్నియో గంటలు సూది కదల్చిన స్త్రీలను పనివారుగా గాక, తీరిక వేళల కాలక్షేపము చేయు గృహిణులుగా లెక్కించుటయే వారి కూలి అంత అల్పముగా నుండుటకు మూలమనియు, పని స్త్రీలదియు వర్తకము పురుషులదియుగా ఆ వ్యాపారము సాగినదనియు ఆమె నిరూపించినది. నరసాపురపు క్రోషే లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఊరి పేరునకు చట్టము కాపలా కాచుచున్నందుకు సంతోషింపవలసినదే. కాని ఊరి పేరునకు దక్కిన గౌరవము అల్లినవారి పేరునకు దక్కినదా యని అడిగినచో, మీ ఇంటిలోనే, 'ఆడవారికి బ్యాంకు గొడవలెందుకు' అను మాట ఇంత ప్రేమతో వినవచ్చుచున్నది!

మరిదిగారిని నేను దూషించుట లేదు. ఆయన ఉద్దేశము మంచిదే కావచ్చును. అయినను అంగడి ఏదైనను, ఖాతా మీ పేర ఉండవలెను. పాన్ కార్డు మీది, బ్యాంకు పుస్తకము మీది, పాస్‌వర్డు మీది, కొనినవారి ఉత్తరములు వచ్చు ఈమెయిలు మీది. ఇది కుదిరినచో వేదిక ఎంపికలో పొరపాటు జరిగినను ఆరు మాసములలో దిద్దుకొనవచ్చును. ఇది కుదరనిచో ఎంత గొప్ప వేదిక నెంచుకొన్నను మీకు నూలు ఇచ్చు ఏజెంటు మారినట్లే గాని వేరు కాదు.

సొంత వెబ్‌సైటు విషయమున నా అభిప్రాయము సూటిగా చెప్పెదను: ఇప్పుడు వద్దు. ఒక్కొక్క అమ్మకమున నాలుగు డాలర్లు మిగిలినను, 60 వేలు రాబట్టుకొనుటకే 170కి పైగా ప్రతులు అమ్ముడుపోవలెను. ఆపై ఏటేట డొమైనునకును, హోస్టింగునకును కట్టవలసినది వేరు. మీ పేరు ఎరుగని దేశములలో మీ సైటునకు త్రోవ ఎవరు చూపుదురు? అంతకన్న చిక్కైనది పన్ను. యూరపు కూటమి దేశములలోని గృహస్థులకు ఇట్టి డిజిటలు వస్తువును అమ్మినప్పుడు, కొనువారి దేశపు వ్యాట్ వసూలు చేసి కట్టవలెనని నియమమున్నది. పెద్ద అంగళ్ళు ఆ పన్నును తామే వసూలుచేసి తామే కట్టును. సొంత సైటునందు అమ్మినచో ఆ బాధ్యత మీ నెత్తిన పడును. కందుకూరి వీరేశలింగము పంతులంతటివారు 1874లో 'వివేకవర్ధని' పత్రికను ఆరంభించినప్పుడు చెన్నపట్టణమున పరుల ముద్రాలయములో అచ్చు వేయించి, పిదపనే గదా రాజమహేంద్రవరమున సొంత అచ్చుకూటము పెట్టినది. పాఠకులు ఏర్పడిన తరువాత యంత్రము కొనిరి. మీకును కొనువారు ఏర్పడిన తరువాత ఆ ముచ్చట తీర్చుకొనవచ్చును.

అమ్మాయి చెప్పిన త్రోవయే నాకు సమ్మతము. కాని ఆమెయు లెక్క వేసినట్లు తోచదు. ఎట్సీలో ఒక వస్తువు పెట్టుటకు 20 సెంట్లు. అది నాలుగు నెలలు నిలుచును, అమ్ముడైనప్పుడెల్ల మరల 20 సెంట్లు. అమ్మకపు వెలపై ఆరున్నర శాతము. ఐదు డాలర్ల చార్టుపై ఈ రెండును కలిసి 53 సెంట్లగును. చెల్లింపు రుసుమును, మారకపు తరుగును దీనికి అదనము. ఆ సంస్థ బయట వేసిన ప్రకటనను చూచి వచ్చినవారు కొనినచో, చిన్న దుకాణదారునినుండి మరియొక 15 శాతము తీసికొనును. గమ్‌రోడ్ అనునది మరియొక వేదిక. అచ్చట మీ లింకు ద్వారా వచ్చినవారు కొనినను 10 శాతమును, ఆపై 50 సెంట్లును. ఐదు డాలర్ల వస్తువునకు ఇది ఒక డాలరు, అనగా అయిదవ వంతు. తన జాబితాద్వారా కొనుగోలుదారుని తెచ్చి ఇచ్చినచో 30 శాతము తీసికొనును. అయితే 20 డాలర్ల వస్తువైనచో గమ్‌రోడ్ వారి ఆ మొదటి రుసుమే రెండున్నర డాలర్లు, ఎనిమిదవ వంతు మాత్రమే. తక్కువ వెలకు అమ్మువారిని విడి సెంట్లే తినివేయునని దీనివలన తేలుచున్నది. కాబట్టి పువ్వు ఒకటి, అంచు ఒకటి, మూల ఒకటి అని చిల్లరగా గాక, ఒక బల్లగుడ్డకు కావలసినవన్నియు ఒక కట్టగా కట్టి అమ్ముడు. ఎట్సీలో ఒక వస్తువునకు ఐదు ఫైళ్ళు, ఒక్కొక్కటి 20 ఎంబీ వరకు చేర్పనిత్తురు, అది చాలును. అల్లికవారికే ప్రత్యేకమైన రావెల్రీ అను వేదికయు 2007నుండి ఉన్నది. ఎచ్చటనైనను పేరు నమోదు చేయుటకు ముందు, ఎంచుకొన్న సంస్థ మన దేశపు బ్యాంకునకు డబ్బు ఏ మార్గమున పంపునో అమ్మాయిని విచారింపుమనుడు. పేపాల్ ద్వారా విదేశపు సొమ్ము వచ్చును గాని, 2021 ఏప్రిల్‌నుండి మన దేశములోనివారు ఒకరికొకరు దానితో చెల్లించుకొను వీలు లేదు. రాజమండ్రి, కాకినాడ, హైదరాబాదులలో నేర్చుకొనగోరు తెలుగువారుందురు. వారికి తెలుగు వ్రాతతో వేరొక ప్రతి చేసి, యూపీఐలో సొమ్ము అందిన పిదప వాట్సాప్‌లో పంపుడు. అందు కమీషను లేదు.

జీఎస్టీ యనిన భయపడనక్కరలేదు. సేవలమీది రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు, ఇట్టి వేదికలద్వారా అమ్మినంతమాత్రమున రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రము ప్రతి రూపాయియు చూపవలెను. భీమవరముననో పాలకొల్లుననో ఒక ఆడిటరును ఒక్కసారి కలిసి, మీ చార్టుల అమ్మకమును ఏ పద్దు క్రింద చూపవలెనో అడిగి రండు.

చార్టులను గూర్చి ఒక హెచ్చరిక. అమెరికావారు సింగిల్ క్రోషే యని పిలుచు కుట్టును బ్రిటనువారు డబుల్ క్రోషే యందురు. అమెరికావారి డబుల్ బ్రిటనువారికి ట్రెబుల్. ఏ పద్ధతినో మొదటి పుటలోనే వ్రాయనిచో, కొనిన ఇల్లాలు రెండు రాత్రులు అల్లి, వంకరపోయిన గుడ్డను ఫోటో తీసి మీకు పంపును. ఆపై ఒక నక్షత్రముతో అభిప్రాయము వ్రాయును. కొత్త దుకాణము అట్టివి రెండింటితో మూతపడగలదు. అల్లిక తెలిసిన ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరిచేత మీ వ్రాతను మాత్రమే చూచి అల్లించి, తప్పులు దిద్దిన తరువాత గాని ఏ చార్టును అమ్మకమునకు పెట్టవలదు. ఫోటోలు నిజమైన లేసువి, పగటి వెలుతురులో తీసినవి కావలెను. యంత్రము కల్పించిన బొమ్మలు చూపి, అల్లుటకే వీలుకాని చార్టులు అంటగట్టువారు ఈ అంగళ్ళలో పెరిగినందున, కొనువారు ఇప్పుడు ప్రతి బొమ్మను అనుమానముతో చూచుచున్నారు. అత్తగారి చేతిలో సూది కనుపించు ఒక పాత ఫోటో మీ ఇంట నున్నచో, దానికి మించిన సాక్ష్యము లేదు. భౌగోళిక గుర్తింపు చిహ్నమును మాత్రము మీ పీడీఎఫులపై అంటించవలదు. అది నమోదైన ఉత్పత్తిదారుల లేసునకు ఉద్దేశించినది.

ఇంతవరకు మీరు అడిగినది. మీరు అడుగనిది ఒకటి మిగిలినది. మీ ఉత్తరములో అమ్మాయి, మరిది, భర్త, ఏజెంటు, ఈ నలుగురి అభిప్రాయములును ఉన్నవి, అత్తగారిది లేదు. గీసినది, వ్రాసినది మీరు గనుక చార్టుపై హక్కు మీదని చట్టము చెప్పవచ్చును. అందులో ఊరందరికిని తెలిసిన పాత పువ్వులు ఎవరి సొత్తును గావు. కాని ఆమె స్వయముగా కల్పించినవి ఏవో ఆమెకే తెలియును. వానిని అమ్ముటకు ఆమెకు ఇష్టమేనా? ఇష్టమైనచో ఆ చార్టులపై ఆమె పేరు ఉండవలెను, రాబడిలో ఆమెకు ఒక భాగము, ఆమె పేరనే ఉన్న ఖాతాలో పడవలెను.

ఈ రాత్రియే ఆమె నడుగుడు. ఆమె ఒప్పుకొన్నచో మీ పేర ఖాతా తెరచి, 40లో మూడింటిని మాత్రము ఎంచి అమ్మకమునకు పెట్టుడు; మొదటి ఆరు మాసములలో పెద్ద రాబడిని ఆశింపకుడు. మరిదిగారికి లెక్కలు వ్రాయు పని అప్పగింపుడు, సంతకము చేయు పని గాదు. ఏజెంటు కాగితమును సంతకము లేకుండ తిరిగి ఇచ్చివేయుడు.