సాహిత్య విద్యార్థి మహాదేవ దేశాయి

మహాత్మాగాంధి ఆత్మకథను ఆంగ్లమున చదివినవారు అసంఖ్యాకులు. అనువాదకుని పీఠికను చదివినవారు మాత్రము మిక్కిలి కొలదిమంది. మూలము గుజరాతీ భాషలోనిది. దానిని ఆంగ్లీకరించినవాడు మహాదేవ దేశాయి. అయిదవ భాగమున 29వ అధ్యాయము మొదలు 43వ అధ్యాయము వరకు గల అనువాదము తనది కాదనియు, 1928–29 సంవత్సరములలో బార్డోలీ భూమిశిస్తు విచారణకై తాను వెళ్లియున్నపుడు సహచరుడైన ప్యారేలాల్ దానిని చేసెననియు ఆయన ఆ పీఠికలో తెలిపి యున్నాడు. లెక్కింపగా అవి పదునైదు అధ్యాయములు. గ్రంథము తుదిముట్ట వచ్చినది. దేశదేశములవారు చదువబోవు గ్రంథమది. అట్టి సమయమున అనువాదకుడు దానిని మరియొకరి చేతికిచ్చి, ఒక తాలూకా శిస్తు పట్టికలను పరీక్షించుటకు బయలుదేరెను. సాహిత్యమును ప్రాణప్రదముగా చూచుకొన్నవానికి ఇది నష్టమా, పరిణతియా? గ్రంథములే లోకముగా పెరిగిన ప్రతి విద్యార్థియు ఏదో యొకనాడు ఈ ప్రశ్న నెదుర్కొనవలసియే యుండును.

మహాదేవ దేశాయి 1892 జనవరి 1వ తేదీన సూరత్తు జిల్లాలోని సరస్ గ్రామమున జన్మించెను. తండ్రి హరిభాయి బడిపంతులు. ఏడేండ్ల ప్రాయమున తల్లి గతించినది. సూరత్తు ఉన్నత పాఠశాలలో చదివి, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో 1910లో బి.ఎ. పట్టమును, 1913లో న్యాయశాస్త్ర పట్టమును పొందెను. కొంతకాలము సహకార బ్యాంకులో తనిఖీ ఉద్యోగము చేసెను. ఆ యుద్యోగ ధర్మముగా పల్లెలకు పోయి రైతుల అప్పుల లెక్కలు చూడవలసివచ్చెడిది. ఆ యనుభవము పిమ్మట బార్డోలీలో అక్కరకు వచ్చియుండునని ఊహించుట తప్పుగాదు. పట్టములు చేతికి వచ్చినను ఆయన విద్యార్థిత్వము ముగియలేదు. చాలమందికి చదువు ముగియు చోటనే ఆయన చదువు ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఆ చదువు నడచిన తీరు గమనింపదగినది. ఆంగ్ల రచయిత జాన్ మార్లే 1874లో ప్రకటించిన ‘రాజీని గూర్చి’ అను గ్రంథమును మహాదేవుడు గుజరాతీలోనికి అనువదించెను. ఫార్బ్స్ గుజరాతీ సభవారి బహుమతి పోటీకై పూనుకొన్న పని యది. సత్యమని తాను నమ్మిన దానిని మనుష్యుడు ఎప్పుడు బయటకు చెప్పవలయును, ఎప్పుడు మౌనము వహింపవచ్చును, లోకముతో సర్దుకొనుట ఎంతవరకు తగును అనునవి ఆ గ్రంథ విషయములు. తేలికగా చదువదగిన పుస్తకము గాదు. గుజరాతీలో దానికి ‘సత్యాగ్రహ మర్యాద’ యను పేరు పెట్టబడినది. ఆ పేరు చూచిన చాలును, పరభాషా గ్రంథమును తన నేలమీద నిలుపుటకు అనువాదకు డెంత యాలోచించెనో తెలియును.

పాఠకునకును అనువాదకునకును గల భేదమును విద్యార్థులు తెలిసికొనవలయును. పాఠకుడు అర్థముకాని వాక్యమును దాటిపోవచ్చును. అట్లు దాటినట్లు తనకే తెలియకపోవచ్చును. అనువాదకునకు ఆ సౌకర్యము లేదు. ప్రతి వాక్యమువద్దను ఆగి, ‘ఇతడు చెప్పినదేమి?’ అని ప్రశ్నించుకొనవలసినదే. నచ్చిన మాటను పెంచరాదు, నచ్చని మాటను తగ్గింపరాదు. మన పెద్దలు శ్రవణ మనన నిదిధ్యాసనములని చదువును మూడంతస్తులుగా చెప్పిరి. పుటను కన్నులతో చూచుట మొదటి యంతస్తు మాత్రమే. ఒక మంచి పుటను తీసికొని శ్రద్ధగా తెలుగు చేయ ప్రయత్నించు కళాశాల విద్యార్థి, అదే పుటపై వ్రాయబడిన పది వ్యాఖ్యానములు చదివినవానికంటె ఎక్కువ నేర్చుకొనును. మార్కులు రాకపోవచ్చును. అది వేరు సంగతి.

ఈ యనువాదమే మహాదేవుని గాంధీజీ కడకు చేర్చిన కారణములలో నొకటి. మూలకర్తకు వ్రాయదలచిన లేఖ చిత్తును ఆయన గాంధీజీకి చూపెను. అందు ప్రశంసావాక్యములు పుష్కలముగా నుండెను. ఆ స్తోత్రము అనవసరమనియు, చెప్పవలసిన విషయమును సూటిగా చెప్పిన చాలుననియు గాంధీజీ సూచించెను. సాహిత్యము చదివినవానికి మాటలు సులభముగా దొరకును. ఆ సులభత్వమే వాని మొదటి ప్రమాదము. శైలిలోని యతిశయోక్తి శీలమునకు సంబంధించిన విషయమని ఏ యలంకార శాస్త్రపాఠమునందును ఆయనకు అంత స్పష్టముగా తెలిసి యుండదు.

1915లో ఆశ్రమ నియమావళి ముసాయిదాను గాంధీజీ పలువురి యభిప్రాయమునకై పంపినపుడు, మహాదేవుడును మిత్రుడు నరహరి పరీఖ్‌యు కలిసి దానిపై విమర్శ వ్రాసిరి. వారు భక్తులై వెళ్లలేదు, విమర్శకులై వెళ్లిరి. గాంధీజీ వారిని పిలిపించుకొని దీర్ఘముగా మాటలాడెను. తిరిగి వచ్చుచు అహమ్మదాబాదు ఎల్లిస్ వంతెనమీద, ఈ మహానుభావుని పాదములచెంత కూర్చుండవలెనని తనకు తోచుచున్నదని మహాదేవుడు మిత్రునితో చెప్పెనట. విమర్శబుద్ధి శ్రద్ధకు శత్రువని భయపడువారు ఈ సంఘటనను ఒకమారు తలచుకొనుట మంచిది.

ఆ మిత్రు లిద్దరును కలిసి చదివినవారు. వంగభాషను నేర్చి రవీంద్రుని ‘చిత్రాంగద’ను, ‘ప్రాచీన సాహిత్యము’ను గుజరాతీ పాఠకుల కందించిరి. శరత్‌చంద్రుని కథలను కూడ మహాదేవుడు అనువదించెను. ఆ కాలముననే ఆంధ్రదేశమునను వంగభాష నేర్చుకొనుట యొక వ్రతముగా సాగినది. కావున తెలుగువారికిది వింతగా తోచదు. 1917లో ఆయన ఆశ్రమమున చేరెను. 1921లో మోతీలాల్ నెహ్రూ కోరికపై అలహాబాదునకు పోయి ‘ఇండిపెండెంట్’ పత్రికను నడపెను. ప్రభుత్వము ముద్రణాలయమును స్వాధీనము చేసికొనగా పత్రికను చేతివ్రాతతో వెలువరించి కారాగారమునకు వెళ్లెను.

ఇక బార్డోలీ. సూరత్తునకు తూర్పుగా తాపీలోయ రైలుమార్గముమీద నున్న చిన్న పట్టణమిది. తెలంగాణమునుండి నేతపనికై పోయి సూరత్తులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది పొరుగూరే. 1922లో గాంధీజీ శాసనోల్లంఘనమును ఇచ్చటనే ప్రారంభింపదలచి, చౌరీచౌరా ఉదంతము జరుగగా విరమించెను. ఆ శీతకాలముననే మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణము నడచినది. ఆరేండ్లు గడచిన పిమ్మట బార్డోలీకి మరల వంతు వచ్చినది. ముప్పది యేండ్ల కొకమారు జరుగు సెటిల్మెంటులో శిస్తును నూటికి 30 వంతులు పెంపవలెనని అధికారి సిఫారసు చేసెను. ప్రభుత్వము తుదకు దానిని సుమారు 22గా నిర్ణయించెను. 137 గ్రామములు, దాదాపు 87,000 జనసంఖ్య గల ఆ తాలూకా 1928 ఫిబ్రవరి 12వ తేదీన వల్లభభాయి పటేలు నాయకత్వమున శిస్తు చెల్లించుట మానెను. జప్తులు జరిగినవి, భూములు వేలమునకు వచ్చినవి, ప్రజలు చలింపలేదు. ఆగస్టులో ఒడంబడిక కుదిరి, బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను ఇద్దరు అధికారుల విచారణ ఏర్పడినది. వల్లభభాయి ‘సర్దారు’ అయినది ఈ పోరాటముననే.

ఇంతవరకు అందరు నెరిగిన చరిత్ర. సాహిత్య విద్యార్థి పని ఇచ్చట మొదలైనది. విచారణాధికారుల యెదుట రైతులపక్షము వహించిన వారిలో మహాదేవ దేశాయి, నరహరి పరీఖ్, రామనారాయణ పాఠక్ ముఖ్యులు. పాఠక్ గుజరాతీ సాహిత్యమున కథకుడుగను విమర్శకుడుగను ప్రసిద్ధుడు. చదువరులైనవారు శిస్తు పట్టికలముందు కూర్చుండిరి.

సెటిల్మెంటు నివేదిక కూడ ఒక గ్రంథమే గదా! దానిని వ్రాసినవా డొకడు గలడు. వాని యుద్దేశ మొకటి గలదు. వాడు చూచినది కొంత, చూడక వ్రాసినది కొంత. రైలుమార్గము వచ్చినది, ధరలు పెరిగినవి, పాడిపశువులు హెచ్చినవి, మంచి యిండ్లు కనబడుచున్నవి, కావున రైతు శిస్తు భరింపగలడని మొదటి నివేదిక సాగినది. ఆ మంచి యిండ్లలో అనేకము దక్షిణాఫ్రికాకు పోయి కష్టించినవారు పంపిన ధనముతో లేచినవి. పొలము వానిని కట్టలేదు. పై యధికారి ఈ హేతువులను చాలవరకు ప్రక్కకు నెట్టి, భూముల కౌలు రేట్లనే ఆధారముగా గ్రహించెను. ఆ కౌలు పట్టికలలోనే అసలు లోపమున్నది. అప్పులపాలైన రైతు తన పొలమును షావుకారునకు స్వాధీన తనఖా వ్రాసి, దానినే మరల కౌలునకు తీసికొని దున్నుకొనును. కాగితముమీద అది కౌలు. నిజమునకు అది వడ్డీ. వడ్డీని కౌలుగా లెక్కించి, భూమి అంత ఫలించుచున్నదని చెప్పుట ఎట్లు సరిపడును? పదమొకటి, పదార్థము వేరొకటి.

మంచి పాఠకుడు చేయు పనియే ఇచ్చట జరిగినది. ‘కౌలు’ అను నొక్క మాట వ్రాసిన ప్రతిచోటను దాని యర్థము ఒకటేనా యని అడుగుట, చెప్పినవాడు కన్నులార చూచెనా యని అడుగుట, గ్రామమునకు పోయి ఆ రైతునే పలుకరించుట. కవిత్వమున శ్లేషను పట్టుకొనుటకు అలవడిన బుద్ధి పట్టికలోని శ్లేషను పట్టుకొన్నది. ఇందు వింత లేదు. ఒక గ్రంథమున మాటకు విలువ నిచ్చి, మరియొక గ్రంథమున దానిని నిర్లక్ష్యము చేయువాడు నిజమునకు మొదటిదానిని కూడ చదువలేదనవలయును. సెటిల్మెంటు అధికారి గ్రామములలో తగిన పరిశీలన జరుపలేదనియు, కౌలు లెక్కలు నమ్మదగినవి కావనియు విచారణాధికారులు అంగీకరించిరి. పెంపుదల 6.03 శాతమునకు దిగినది. ఆ యిద్దరు విచారణాధికారులును ప్రభుత్వోద్యోగులే యనుట మరువరాదు.

ఈ పోరాట చరిత్రను మహాదేవుడు గుజరాతీలో రచించి, ఆంగ్లమునను తానే వ్రాసెను. ఆంగ్లగ్రంథము 1929లో ప్రకటితమైనది. పోరాట చరిత్ర లనేకము ఉత్సాహముతో నిండి లెక్కలకు దూరముగా నుండును. ఈ గ్రంథమున రెండును గలవు. శిస్తు పద్ధతిని వివరించు అధ్యాయములు కొందరికి నీరసముగా తోచవచ్చును. వానిని దాటిపోయినవారికి మాత్రము రైతులు దేనికై పోరాడిరో తెలియదు.

అయినను ఒక యాక్షేపము మిగిలియున్నది. ఇంతటి ప్రతిభగలవాడు ఇతరుల మాటలను వ్రాయుటకే జీవితమును ధారపోసెనే, స్వంత కావ్యమును గాని నవలను గాని ఇచ్చి యుండిన గుజరాతీ సాహిత్యమునకు మేలుగాదా? ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. ప్రతి రచయితయు పరసేవలో తన కలమును మరువవలెనని విధించుటయు సరిగాదు. రవీంద్రుడు రాట్నము విషయమున గాంధీజీతో బహిరంగముగా విభేదించి తన దారిని నిలిచెను, లోకము నష్టపోలేదు. మహాదేవుని స్వభావము వేరు. యౌవనమున అనువాదకుడుగా అలవరచుకొన్న నియమము, అనగా ఎదుటివాని మాటలో తన మాటను కలుపకుండుట, ఆయనకు క్రమముగా జీవననియమమైనది. 1917 నవంబరు 13వ తేదీన మొదలుపెట్టిన దినచర్యను 1942 ఆగస్టు 14వ తేదీ వరకు వ్రాసెను. మరునాడు పూనాలో ఆగాఖాన్ భవన నిర్బంధమున మరణించెను. ఆ దినచర్యలో ‘నేను’ అను మాట అరుదు. 1955లో గుజరాతీ భాషకు కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి బహుమతిని పొందినది ఆ దినచర్యయే. స్వంత రచన కాదని అనుకొన్నది సాహిత్యముగా నిలిచినది. కాని వ్రాయబడని ఆ నవల మాట అట్లే యున్నది. దానికి జవాబు ఎవరివద్దను లేదు.

ఆ దినచర్యలో 1932 నాటి ఎరవాడ కారాగారపు పుటలు బార్డోలీ కథకు తరువాయి వంటివి. గాంధీజీ, సర్దారు, మహాదేవుడు అపుడు ఒక్కచోట బందీలుగా నుండిరి. సర్దారు అంతవరకు పుస్తకములవైపు అంతగా మనసు నిలిపినవాడు కాడు. వ్యర్థమైన కాగితములను పోగుచేసి కవరులు చేయుట ఆయనకు కాలక్షేపము. ఏబదియేడవ యేట ఆయన సాతవలేకరు పండితుని పాఠములను ముందుంచుకొని సంస్కృతము నేర్వ నారంభించెను. సాహిత్య విద్యార్థి బార్డోలీ పొలములలోనికి పోయిన నాలుగేండ్లకు, బార్డోలీ రైతుల నాయకుడు శబ్దరూపములు వల్లించుచు గద్య శ్లోకముల వద్దకు వచ్చెను. ఆయన తప్పులను, ప్రశ్నలను, పరిహాసములను ప్రక్కనే కూర్చుండి మహాదేవుడు ఏనాటి కానాడు వ్రాసికొనుచుండెను.